పెరట్లో తాటిచెట్టు: మొదటి అయిదేళ్లూ భూమిలోపలే

తాటిచెట్టుకు నీళ్లు పోసి పెంచినవారు ఊళ్లలో అరుదు. చెరువుగట్టు మీద, చేనుగట్టు మీద, ఇసుకపర్రల్లో దానంతట అదే లేచి, వరసగా రెండేళ్లు వానలు తప్పినా పచ్చగా నిలబడుతుంది. ఆ ధీమాతోనే ఈమధ్య ఇంటి పెరట్లోనూ, ఊరి బయటి ప్లాట్లలోనూ తాటిమొక్క పెట్టాలనుకునేవారు ఎక్కువయ్యారు. కానీ నర్సరీ నుంచి కవర్లో తెచ్చి నాటిన తాటిమొక్కల్లో చాలా భాగం ఒకటి రెండు వేసవులకే ఎండిపోతుంటాయి. కరువుకు పెట్టింది పేరైన చెట్టు నీళ్లు పోసిన పెరట్లో చావడానికి కారణం ఎండ కాదు, నాటిన పద్ధతి. ఈ చెట్టుకు కరువును ఓర్చే శక్తి పుట్టుకతో చేతికందేది కాదు. మొదటి నాలుగైదేళ్లలో, మనకు కనిపించకుండా, నేల లోపల అది సంపాదించుకుంటుంది. ఆ పనికి అడ్డు తగలకుండా ఉండటమే పెంపకంలో ముఖ్యమైన భాగం.

అసలు సంగతి టెంక మొలిచే తీరులో ఉంది. చాలా గింజల్లో వేరు కిందికీ మొలక పైకీ వస్తాయి. తాటిటెంకలో అలా జరగదు. టెంక కొసనున్న రంధ్రం నుంచి ముందు ఒక గొట్టం బయటికొచ్చి నిట్టనిలువుగా భూమిలోకి దిగుతుంది. పిల్లమొక్క ఆ గొట్టం లోపలే ఉంటుంది. అంటే చెట్టు పైకి ఎదగకముందే తన మొదలును తానే లోతుకు మోసుకుపోతుంది. నేల వదులుగా ఉంటే అడుగున్నర నుంచి మూడడుగుల దాకా దిగుతుంది. అక్కడ ఆగాక అసలు వేళ్లు పుడతాయి, ఆ తర్వాతే తొలి ఆకు పైకి బయలుదేరుతుంది. భాద్రపదంలో వేసిన టెంకకు నేల పైన ఆకు కనబడాలంటే తరచూ తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈలోగా మొలవలేదనుకుని గడ్డపారతో తవ్వి చూసి పాడుచేసుకునేవారే ఎక్కువ.

ఇదంతా తెలుగువారికి నోటితో తెలిసిన విషయమే. వేసవిలో తినే ముంజె, గట్టిపడకముందు లేత జెల్లీగా ఉన్న గింజ ఆహారం. పండు ముదిరేసరికి అది రాయిలా గట్టిపడుతుంది. టెంక మొలిచాక ఆ గట్టి ఆహారాన్ని కరిగించి పీల్చుకోవడానికి లోపల తెల్లటి గుల్లముద్ద ఒకటి పెరుగుతుంది. టెంక పగలగొట్టి తినే బుర్రగుంజు అదే. అలా పీల్చిన ఆహారం గొట్టం గుండా కిందికి చేరి పిండిగా నిల్వ ఉంటే అది తేగ. తేగను చీల్చినప్పుడు మధ్యలో కనిపించే లేత చందమామ రేపటి తాటిచెట్టు తొలి ఆకు. పాతర వేసిన మూడు నాలుగు నెలలకు, సంక్రాంతి ముందూవెనకా, తేగలు తవ్వుతాం కదా. సరిగ్గా ఆ సమయానికి మొక్క దగ్గర మొదటి ఏడాదికి కావలసిన సరంజామా అంతా భూమిలో పోగై ఉంటుందన్నమాట. పెరట్లో చెట్టు కోసం వేసిన టెంకను అప్పుడు కదిలించకూడదు. ఇంట్లో పిల్లలకు, పక్కింటివారికి ఈ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది.

నర్సరీ కవరుతో వచ్చే చిక్కు దీనివల్లనే. అడుగు లోతు కూడా లేని కవర్లో గొట్టం అడుగును తాకి వంకర తిరుగుతుంది, లేదా కవరును చీల్చుకుని కింది నేలలోకి పోతుంది. కవరు ఎత్తినప్పుడు ఆ కొస తెగుతుంది. చూడటానికి ఆకు పచ్చగానే ఉంటుంది, ఎందుకంటే తేగలో ఇంకా పిండి ఉంది. అది అయిపోయాక మొక్కకు లోతైన వేరూ లేదు, నిల్వా లేదు. నాటిన మొదటి వేసవిలో కాక రెండో వేసవిలో చచ్చిపోయే మొక్కల కథ చాలావరకు ఇదే. రోజూ చెంబెడు నీళ్లు పోస్తూ కొన్నాళ్లు బతికించవచ్చు గాని, అలా బతికింది పైమట్టిలోనే వేళ్లు పరుచుకున్న మొక్క. నీళ్లు ఆపిన ఏడాది నిలవదు.

కాబట్టి టెంకను చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే వేయాలి. శ్రావణ, భాద్రపద మాసాల్లో రాలిన పండ్లలో బరువైనవి, పురుగు తొలవనివి ఏరుకోవాలి. ఏటా నిండుగా గెలలు వేసే చెట్టు కింద ఏరుకుంటే మరీ మంచిది. తియ్యటి ముంజెలకు పేరున్న చెట్టు ఊళ్లో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. గుజ్జు తాటిరొట్టెకు, గారెలకు తీసుకున్నాక మిగిలిన టెంకలు చక్కగా పనికొస్తాయి. వాటిని కడిగి నీడన నాలుగైదు రోజులు ఆరనిస్తే చాలు. ఎండలో పెట్టకూడదు. నెలల తరబడి దాచకూడదు. లోపల పూర్తిగా ఎండిపోయిన టెంక మొలవదు.

గుంత వెడల్పు కన్నా లోతు ముఖ్యం. అడుగు వెడల్పుతో మూడడుగుల లోతు తవ్వి, తవ్విన మట్టినే మూడు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి తిరిగి నింపాలి. నేల బంకగా ఉంటే ఒక తట్ట ఇసుక కూడా కలపాలి. నింపాక రెండు బకెట్ల నీళ్లు పోసి మట్టిని కుదురుకోనివ్వాలి. పచ్చి పెంట వేస్తే వేడికి మొలక దెబ్బతింటుంది, దానికి తోడు మొవ్వును తొలిచే కొమ్ము పురుగును పిలిచినట్టే. టెంకను పడుకోబెట్టి, పైన రెండంగుళాల మట్టి కప్పితే చాలు. లోతుగా పాతనక్కర్లేదు, దిగే పని అదే చూసుకుంటుంది. ఒక్కో గుంతలో మూడు టెంకలు జానెడు దూరంలో వేస్తే ఒకటి రెండు మొలవకపోయినా నష్టం లేదు. రెండో ఏడు దాటాక బలమైనది ఉంచి మిగతావాటిని నేలమట్టానికి కోసేయాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

తెలంగాణ చెల్క నేలల్లో అడుగున్నర కిందే గట్టి మొరం తగిలే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ గడ్డపారతోనైనా, స్తంభాల గుంతలు తీసే యంత్రంతోనైనా మొరాన్ని పగలగొట్టి తీరాలి. లేకపోతే గొట్టం మొరం మీద అడ్డంగా పాకి, చెట్టు మొదలు పైపైనే ఉండిపోతుంది. కోస్తా ఇసుక నేలలు దీనికి పుట్టిల్లు. నల్లరేగడిలో వస్తుంది గాని వేసవి నెర్రెలకు లేతవేళ్లు తెగుతాయి. అక్కడ మొదటి రెండేళ్లు మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి గానీ కొబ్బరి పీచు గానీ నాలుగంగుళాల మందాన పరిచి ఉంచాలి. కొన్నాళ్లు నీళ్లు నిలిచినా తాడు చావదు, గోదావరి జిల్లాల వరిగట్ల మీద అది రుజువే. అయితే అక్కడివి పాతుకుపోయిన చెట్లు. ఏడాది మొక్క మొదట్లో నీళ్లు వారాల తరబడి నిలిస్తే కుళ్లుతుంది.

నీటి లెక్క ఇలా ఉంటుంది. కోస్తాలో తిరుగు రుతుపవనం వానలు మొదటి మూడు నెలలు గడిపేస్తాయి. తెలంగాణలో, రాయలసీమ పడమటి భాగంలో కార్తీకం నుంచి పదిరోజులకో బకెట్ పోయాలి. తొలి వేసవిలో వారానికి పది, పదిహేను లీటర్లు ఒకేసారి, నెమ్మదిగా ఇంకేలా. అడుగున చిన్న బెజ్జం పెట్టిన పాత బిందె గానీ డబ్బా గానీ పక్కన పెడితే సరిపోతుంది. రెండో ఏడు పదిహేను రోజులకొకసారి. మూడో ఏడు ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నెలకు రెండుసార్లు. ఆ తర్వాత అసలు అవసరం లేదు. రోజూ కొంచెం కొంచెం తడపడం కన్నా అసలు తడపకపోవడమే నయం, తడి పైనే ఉంటే వేరూ పైనే ఉంటుంది. లాన్ మధ్యలో, స్ప్రింక్లర్ కింద పెట్టిన తాడు ఎందుకు నీరసంగా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పోల్చి చూస్తే కాపు మీదున్న కొబ్బరికి వేసవిలో రోజుకు నలభై యాభై లీటర్లు కావాలి. బోరు ఎండిన ఏడాది కొబ్బరి కాయలు రాల్చి, ఆకులు వేలాడేస్తుంది.

తొలి ఆకు విసనకర్రలా ఉండదు. సన్నగా, మడతలు పడిన కత్తిలా ఒక్కటే వస్తుంది. చాలామంది గడ్డి అనుకుని కోసేస్తారు. అందుకని టెంక వేసిన రోజే చుట్టూ నాలుగు కర్రలు పాతి గుర్తు పెట్టాలి. ఊరి అంచున ఉన్న పెరళ్లలో ఏదుపందులు, అడవిపందులు తేగ వాసన పట్టి తవ్వేస్తాయి. గుంత మీద రెండడుగుల చదరం ఇనుప జాలీ పరిచి అంచులు మట్టిలో పాతితే ఆ బెడద తగ్గుతుంది. మొలక పైకొచ్చాక జాలీ తీసేయాలి. రెండో మూడో ఏటి నుంచి ఆకు విప్పుకోవడం మొదలవుతుంది. అప్పటినుంచి నాలుగైదేళ్లు చెట్టుకు కాండం ఉండదు. తాటిజాతికి చెట్టును లావు చేసే కణపొర లేదు, కాబట్టి మానుకు కావలసిన లావునంతా నేల లోపల ముందే సమకూర్చుకుని, ఆ తర్వాతే పైకి లేస్తుంది. ఎదుగుదల లేదని ఎరువులు గుమ్మరించినా ఈ దశ కుదించుకుపోదు. ఏటా తొలకరికి ఒక తట్ట మాగిన ఎరువు, కిలో వేపపిండి వేస్తే ఎక్కువే.

స్థలం విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. పెద్ద తాటిచెట్టు నేల మీద ఆక్రమించేది రెండు మూడడుగులే. అసలు జాగా అడిగేది పిల్లచెట్టు. మాను లేవకముందు దాని మట్టలు నేలమట్టంలో ఆరేడు అడుగుల దూరం నలువైపులా పరుచుకుంటాయి. మట్ట అంచులకు రంపపు పళ్లలాంటి కరుకు ఉంటుంది, చర్మం చీరుకుపోతుంది. అంటే పన్నెండు, పధ్నాలుగు అడుగుల వలయం పదేళ్లపాటు దానికే వదిలేయాలి. రెండువందల గజాల ప్లాటులో ఇల్లు పోను మిగిలే సందులో తాడు వేయడం తెలివైన పని కాదు. ఇంటి గోడకు పదిహేను ఇరవై అడుగులు, కరెంటు తీగకు అంతకన్నా ఎక్కువ దూరం ఉండాలి. వేళ్లు సన్నవి, పునాదిని ఎత్తవు. ఆ భయం అక్కర్లేదు. భయపడాల్సింది పైనుంచి పడేవాటికి. కిలోకు మించిన పండు యాభై అడుగుల ఎత్తు నుంచి పడితే కారు అద్దమైనా, మనిషి తలైనా ఒకటే.

ఆడో మగో ముందు తెలియదు

తాటిలో ఆడ, మగ చెట్లు వేరు. పోతుతాటికి పూతే గాని కాయ ఉండదు. మొదటి పూత రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది, అంతవరకు చూసి చెప్పగలిగే గుర్తు ఏదీ లేదు. టెంక ఆకారాన్ని బట్టి, పండులో టెంకల సంఖ్యను బట్టి చెప్పేస్తామనే మాటలు నమ్మి ఇరవై ఏళ్లు ఎదురుచూడటం దండగ. సుమారుగా సగం సగం పుడతాయి కాబట్టి లెక్క సులువే. ఒకే చెట్టు పెంచితే ముంజెలు తినే అవకాశం సగం. మూడు పెంచితే మూడూ పోతులయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి, నాలుగైతే పదహారింట ఒకటి. చోటున్నవారు ప్రహరీ వెంట వరసగా నాలుగు వేయడం దీనికే. ఊళ్లో అయితే పుప్పొడి ఎక్కడి పోతుతాటి నుంచైనా అందుతుంది. చుట్టుపక్కల తాళ్లే లేని నగర కాలనీలో ఒంటరి ఆడచెట్టు పూసినా కాపు నమ్మకం లేదు.

ఏం చంపుతుంది

మూడో ఏటి నుంచి ప్రధాన శత్రువు కొమ్ము పురుగు. రాత్రిపూట మొవ్వులోకి తొలుచుకుపోయి, విప్పుకోని ఆకును మడతల మీదుగా కొరుకుతుంది. ఆ ఆకు విప్పుకున్నాక కత్తెరతో కోసినట్టు వరసగా కోతలు కనిపిస్తాయి. మొవ్వు దగ్గర నమిలి ఉమ్మిన పీచు ఉంటే పురుగు ఇంకా లోపలే ఉంది. కొస వంచిన ఇనుప తీగతో లాగేయాలి. వేపపిండి, ఇసుక సమపాళ్లలో కలిపి మొవ్వు చుట్టూ ఉన్న పై మూడు మట్టల మొదళ్లలో ఏడాదికి రెండు మూడుసార్లు పోస్తే చాలావరకు దగ్గరికి రాదు. ఇది పుట్టేది పెంటకుప్పల్లో, కుళ్లిన మొద్దుల్లో. పెరట్లో కంపోస్టు గుంత ఉంటే రెండు నెలలకోసారి తిరగేసి, తెల్లటి లావు పురుగులు కనిపిస్తే ఏరేయాలి, లేదా మెటారైజియం శిలీంధ్రపు పొడి కలపాలి. లింగాకర్షక బుట్టలు తోటలకు పనికొస్తాయి గాని, రెండు మూడు చెట్లున్న ఇంటి పెరట్లో వద్దు. ఊళ్లో పురుగునంతా మన చెట్టు దగ్గరికి రప్పించినట్టవుతుంది.

కొమ్ము పురుగు చేసిన గాయం ఎర్రముక్కు పురుగుకు దారి. అది గుడ్లు పెడితే పిల్లపురుగులు మాను గుండెనే తింటాయి. ఎరుపు కలిసిన గోధుమరంగు జిగురు కారడం, చెవి ఆనిస్తే లోపల కరకర వినిపించడం దీని గుర్తులు. మొవ్వు వాలాక చేయగలిగింది ఏమీ లేదు, కొట్టి కాల్చేయడమే. తాటి మాను గాయం మానదు. వేపకో మామిడికో మేకు కొడితే బెరడు కప్పుకుంటుంది, తాటికి కొట్టిన మేకు రంధ్రం చెట్టున్నంత కాలం తెరిచే ఉంటుంది. పెళ్లిపందిరి దీపాలకు, బట్టల తాడుకు మేకులు కొట్టే అలవాటు ఈ చెట్టు దగ్గర మానుకోవాలి. అలాగే అందం కోసం పచ్చిమట్టలు నరకడం. పూర్తిగా ఎండినవి మాత్రమే, మానుకు చేరువగా కాక జానెడు మొదలు వదిలి కోయాలి. ఎండిన మట్టలు వేలాడుతుంటే చెట్టుకేమీ నష్టం లేదు. దీపావళి రాకెట్లకు అంటుకుంటాయన్నదొక్కటే భయం.

వానాకాలపు జబ్బుల్లో మొవ్వుకుళ్లు ముఖ్యం. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో గోదావరి డెల్టాలో ఇది తాటితోపులను బాగా దెబ్బతీసింది. శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు బట్లర్ ఇక్కడి జబ్బును పరిశీలించే, దాని కారకానికి 1907లో పైథియం పామివోరం అని పేరుపెట్టాడు. నేడు ప్రపంచమంతటా కొబ్బరి, కోకో తోటల్లో వినిపించే ఫైటాఫ్తోరా పామివోరా అదే. మొవ్వు ఆకు వాడి, పట్టి లాగితే చేతికి వచ్చేసి, మొదట్లో దుర్వాసన వస్తే ఇదేనని గుర్తించాలి. తొలిదశలో కుళ్లిన మేర కోసి తీసేసి బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాన నీరు పడకుండా ప్లాస్టిక్ కప్పితే బతకవచ్చు. పేస్టుకు వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం చెరో అరలీటరు నీళ్లలో కరిగించి, తుత్తం నీళ్లను సున్నంనీళ్లలో పోసి కలపాలి. అవే పాళ్లు పది లీటర్లకు కలిపితే పక్క చెట్ల మొవ్వుల్లో చల్లే ఒక శాతం మిశ్రమం. ఇనుప బకెట్ వాడకూడదు. ఇనుప చాకును నిమిషం ముంచితే ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదని, మరికొంత కలపాలని అర్థం. ఏ రోజుది ఆ రోజే వాడాలి.

తాటికి చోటు చాలనివారు నర్సరీలో పామ్ అన్న పేరు చూసి మోసపోకూడదు. రోడ్ల డివైడర్ల మీద కనిపించే రాయల్ పామ్ నీటికి అలవాటుపడ్డది. ఫాక్స్‌టెయిల్ ఒక మాదిరి. నిజంగా కరువుకు ఓర్చేది వెండిరంగు విసనకర్ర ఆకుల బిస్మార్కియా, మడగాస్కర్‌కు చెందిన తాటి చుట్టం. దానికీ వేరు కదిలితే పడదు. మన ఈత చాలా నయం. పిలకలూ లోతుగొట్టాల గొడవా లేకుండా విత్తనంతో వస్తుంది, తక్కువ జాగాలో సర్దుకుంటుంది. అయితే ఆకు మొదట్లోని ముళ్లు కళ్లకు ప్రమాదం. ఖర్జూరం కూడా చెట్టుగా కరువుకు నిలుస్తుంది గాని కాపుకు నీళ్లు కావాలి, పండు మాగే వేళ వాన పడకూడదు. మనకు ఆ వేళకే రుతుపవనాలు వస్తాయి. అందుకే అనంతపురం వైపు వేసేవారు చెట్టు మీద మాగనక్కర్లేకుండా దోరగానే తినదగ్గ బర్హీ రకం ఎంచుకుంటారు.

తాడు కాపుకొచ్చాక ముంజెలకు గెల దించాల్సిన కాలం ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఒకే గెలలోనూ కాయలు ఒక్కసారి సిద్ధం కావు. ఒక కాయ కోసి చూసి, బొటనవేలు దిగేంత లేతగా ఉన్నప్పుడే దించాలి. వారం ఆలస్యమైతే రబ్బరులా సాగుతుంది. ఎక్కడానికి గీత కార్మికుణ్ణే పిలవాలి, మోకు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకూడదు. గెలను వదిలేయకుండా తాడు కట్టి దించమనాలి. దించని గెలలుంటే జులై చివర నుంచి చెట్టు కింద ఇరవై అడుగుల మేర మంచం, బండి, పశువు లేకుండా చూసుకోవాలి. కల్లు గీయించాలంటే సొంత చెట్టయినా ఎక్సైజ్ శాఖ అనుమతి తప్పనిసరి. చెట్టు కొట్టేయాలనుకున్నా ముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి అడగాలి. రాత్రికి రాత్రి కొట్టించి తర్వాత సంజాయిషీ చెప్పుకోవడం కుదరదు.